ఇసుక ఖనిజాల ఎగుమతి: తూము మన చేతిలో, నీరు ఎవరి చేలో?

2025 జూన్‌లో ఢిల్లీ నుంచి ఒక వార్త వచ్చింది. మన దేశం నుంచి జపాన్‌కు పోయే రేర్ ఎర్త్ ఖనిజాల ఎగుమతి ఆపమని కేంద్ర ప్రభుత్వం తన సొంత సంస్థ ఐ.ఆర్.ఇ.ఎల్.కు చెప్పిందని రాయిటర్స్ వార్తా సంస్థ రాసింది. పదమూడేళ్ళ నాటి ఒప్పందం అది. రెండు ప్రభుత్వాల మధ్య కుదిరింది కాబట్టి ఉన్నపళంగా తెంచుకోవడానికి లేదనీ, జపాన్ మిత్రదేశం కాబట్టి మంచిగా మాట్లాడుకుని సర్దుకోవాలనీ అదే వార్తలో వుంది. ఈ కబురు మన కూలి జనంలో ఎంతమంది చెవిన పడింది? పడినా, "ఢిల్లీ వాళ్ళూ జపాన్ వాళ్ళూ చూసుకుంటారు, మనకేం పని" అని వదిలేసి వుంటారు.

మనకు పని వుంది. ఆ సరుకును శుద్ధి చేసి ఓడకెక్కించే కర్మాగారం విశాఖ దాపున అచ్యుతాపురంలో వుంది. అలాంటి సరుకు వుండే ఇసుక శ్రీకాకుళం నుంచి కిందికి మన కోస్తా పొడవునా వుంది. ఆ ఇసుక మీద వలలు ఆరబెట్టుకునే వాళ్ళు, దాని వెనక సరుగుడు తోటల్లో, జీడి తోటల్లో కూలికి పోయే వాళ్ళు మన వాళ్ళే.

ఇక్కడ హైదరాబాద్‌లో చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అడ్డాల మీద పొద్దున్నే నిలబడితే పాలమూరు, నల్లగొండ కూలీల పక్కన శ్రీకాకుళం మేస్త్రీలు, రంగులు వేసే వాళ్ళు, టైల్స్ పరిచే వాళ్ళు కనబడతారు. ఊళ్ళో పని లేక వచ్చినవాళ్ళు. వాళ్ళు అపార్టుమెంటు గోడకు పూసే తెల్ల రంగుకు ఆ తెలుపు ఎక్కడిది? టైటానియం డయాక్సైడ్ అనే పొడిది. ఆ పొడి ఇల్మనైటు అనే నల్ల ఇసుక నుంచి తీస్తారు. టైలు మీది తెల్లటి మెరుపుకు వాడే జిర్కాన్ కూడా ఆ ఇసుకలోదే. తన ఊరి ఒడ్డున ఏ సంపద వుందో, దాంతో తయారయ్యే సరుకునే మనిషి నాలుగైదు వందల మైళ్ళ అవతల రోజు కూలికి గోడలకు పూస్తున్నాడు. ఆ సంపద మీద ఎవరికి హక్కు, ఎవరికి లాభం అన్న ప్రశ్న అతనిది గాక ఇంకెవరిది?

ఇసుకలో ఏముంది?

సముద్రపు ఒడ్డున నల్లగా, కొంచెం ఎర్రగా కనబడే ఇసుకలో బరువైన ఖనిజాలు కలిసి వుంటాయి. ఇల్మనైటు, రూటైలు, జిర్కాన్, గార్నెట్, సిల్లిమనైటు, వాటితోపాటు కొద్ది పాళ్ళలో మోనజైటు. అసలు గొడవంతా ఈ మోనజైటు గురించి. దీంట్లో సగానికి పైగా రేర్ ఎర్త్ లోహాలుంటాయి. మిగతాది చాలావరకు ఫాస్ఫేటు. దాంతోపాటు థోరియం వుంటుంది. థోరియం అణుశక్తి పదార్థం, కిరణాలు చిమ్మే గుణం గలది. కనుక మోనజైటు తవ్వకం, నిల్వ, ఎగుమతి అన్నీ ప్రభుత్వ అదుపులో వున్నాయి.

రేర్ ఎర్త్ లోహాలతో ఇవ్వాళ ఏం చేస్తారు? నియోడిమియం అనే లోహం కలిపితే చిన్న ముక్క అయినా మహా బలంగా లాగే అయస్కాంతం తయారవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద చప్పుడు లేకుండా పోయే బ్యాటరీ స్కూటరు మోటారులో ఆ అయస్కాంతం వుంటుంది. గాలిమరల్లో, క్షిపణుల్లో కూడా వుంటుంది. బండి దగ్గర్నుంచి బాంబు దాకా అన్నిటికీ కావలసిన సరుకన్నమాట.

ఈ ఖనిజాలను వెదికి లెక్కగట్టే కేంద్ర సంస్థ అణు ఖనిజాల డైరెక్టొరేట్ మన హైదరాబాద్‌లోనే, బేగంపేటలో వుంది. దాని లెక్క ప్రకారం దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ మోనజైటు ఆంధ్రప్రదేశ్‌లో వుంది. 37 లక్షల టన్నులకు పైమాటే.

గోధుమలు కావాలా, మోనజైటు ఇవ్వండి

ప్రభుత్వం ఒక ఖనిజాన్ని తన అదుపులో పెట్టుకుంటే పరాయి ప్రభుత్వాలకు ఎందుకు గుబులు పుడుతుంది? ఇది ఇవ్వాళ్టి సంగతి కాదు. పాత చరిత్ర చూద్దాం.

మోనజైటును మన దేశంలో మొదట కనుక్కున్నది 1909లో, ట్రావన్‌కూరు సంస్థానపు ఒడ్డున, ఒక జర్మన్ రసాయన శాస్త్రవేత్త. అప్పుడు గ్యాసు దీపాల మాంటిల్స్ కోసం దాన్ని విదేశాలకు ఎత్తుకుపోయారు. ఆ రోజుల్లో అది వట్టి ఇసుక. 1945లో అమెరికా హిరోషిమా, నాగసాకిల మీద అణుబాంబులు వేశాక దాని విలువ ఒక్కసారిగా మారిపోయింది. 1946లో ట్రావన్‌కూరు నుంచి మోనజైటు ఎగుమతి ఆగింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో అణుశక్తి చట్టం చేశారు. 1950 ఆగస్టులో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థను పెట్టారు. ముడి ఇసుకను అమ్మకుండా కేరళలోని ఆల్వాయిలో మనమే శుద్ధి చేసుకుందామన్నారు. 1952లో ఆ కర్మాగారం మొదలైంది.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే దేశంలో తిండి కరువు. 1951 జనవరిలో రేషను రోజుకు 12 ఔన్సుల నుంచి 9 ఔన్సులకు కోసేశారు. అంటే మనిషికి పావు కిలో. రాయలసీమలో వరుస కరువులు. గంజి కేంద్రాల ముందు జనం గిన్నెలు పట్టుకుని నిలబడ్డ రోజులవి. ప్రభుత్వం 20 లక్షల టన్నుల ధాన్యం కోసం అమెరికాను అడిగింది. అక్కడి కాంగ్రెసులో కొందరు సభ్యులు దాన్ని నెలల తరబడి నాన్చారు. కొరియా యుద్ధంలో ఇండియా మా మాట వినలేదన్నది ఒక కోపం. మోనజైటు, మాంగనీసు లాంటి ఖనిజాలు ఇస్తేనే గోధుమలు అన్నది రెండో మాట. ఆకలితో వున్నవాడి దగ్గర బేరం పెట్టడమంటే ఇదే.

1951 మే నెలలో నెహ్రూ రేడియోలో మాట్లాడుతూ, రాజకీయపు షరతులు తగిలించిన సాయం మనకు పనికిరాదన్నారు. అదే కాలంలో సోవియట్ యూనియన్ నుంచీ, చైనా నుంచీ కూడా ధాన్యం వచ్చింది. చివరకు 1951 జూన్ 15న అమెరికా 19 కోట్ల డాలర్ల అప్పు చట్టం చేసింది. కొంత బాకీని యుద్ధావసర ఖనిజాల రూపంలో తీర్చుకునే వీలు కూడా ఆ చట్టంలో రాసుకుంది. అయినా ముడి మోనజైటు మీద నిషేధాన్ని మన ప్రభుత్వం ఎత్తివేయలేదు.

రెండేళ్ళ తర్వాత, 1953లో, ఇంకో రగడ. ఇండియన్ రేర్ ఎర్త్స్ తయారుచేసిన థోరియం నైట్రేటు కొద్ది మొత్తం ఒక పోలిష్ ఓడలో చైనాకు బయలుదేరింది. అమెరికాలో అప్పుడు బ్యాటిల్ చట్టం అని ఒకటుండేది. సోషలిస్టు దేశాలకు అలాంటి సరుకు అమ్మిన దేశానికి సాయం ఆపాలని ఆ చట్టం చెప్పేది. అమెరికా విదేశాంగమంత్రి డల్లెస్ కార్యాలయం ఢిల్లీ మీద ఒత్తిడి పెట్టింది. ఎవరికి అమ్మాలో మీరు చెబితే మేం రాసివ్వమని నెహ్రూ ప్రభుత్వం నిలబడింది. చివరకు అమెరికా సాయమూ ఆపలేదు. పైగా మన థోరియం నైట్రేటును తానే కొనుక్కునే ఏర్పాటు చేసుకుంది.

ఇందులో మనం గ్రహించాల్సింది ఒకటుంది. పదిమంది వ్యాపారులు ఎవరికి వారు ఓడ కట్టి అమ్ముకుంటూ వుంటే విదేశాంగ మంత్రులు రానక్కర్లేదు, దళారి చాలు. తూము ఒక్కటే వుండి, దాని తలుపు ప్రభుత్వం చేతిలో వుంటేనే పెద్ద దేశాలు గుమ్మం దాకా వచ్చి బేరం మాట్లాడతాయి. అందుకే దాన్ని తెరిపించాలని వాళ్ళ తాపత్రయం.

తూము మనదే, నీరు జపాన్‌కు

అయితే ప్రభుత్వం చేతిలో వుంటే చాలు, అంతా మంచే జరుగుతుందని మురిసిపోవడానికీ లేదు. దానికి మన కళ్ళ ముందే ఒక రుజువుంది.

బైలడిల్లా ఇనుప ఖనిజం కథ తెలుగు వాళ్ళందరికీ తెలిసిందే. 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది. బస్తరు అడవుల్లో ఖనిజం తవ్వడానికి, కిరండూల్ నుంచి కొత్తవలస దాకా కొండల్ని తొలిచి రైలుదారి వేశారు. విశాఖలో పెద్ద ఓడల కోసం బయటి హార్బరు 1976లో తయారైంది. ఎగుమతి వ్యాపారం 1963లో పెట్టిన ప్రభుత్వ సంస్థ ఎం.ఎం.టి.సి. ద్వారానే జరిగింది. తవ్వేది ప్రభుత్వం, మోసేది ప్రభుత్వం, అమ్మేది ప్రభుత్వం. దశాబ్దాల పాటు ఆ ఖనిజం జపాన్ ఉక్కు కర్మాగారాలకు పోయింది.

విశాఖ ఉక్కు సంగతి చూడండి. 1966లో జనం ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీకి ఈనాటికీ సొంత ఇనుప గని లేదు. ఖనిజం బజారు ధరకు కొనుక్కుంటూ అప్పుల్లో కూరుకుపోయింది. గని ఇవ్వకుండా నష్టాలొచ్చాయన్నారు. నష్టాలొచ్చాయి కాబట్టి పూర్తిగా అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయం ప్రకటించింది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

కాబట్టి "తూము ఎవరి చేతిలో" అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. "నీరు ఎవరి చేలో పారుతోంది" అన్నది రెండోది. రెండూ కలిపి అడగకపోతే మనం మోసపోతాం.

మధ్యలో గండి

ఇసుక ఖనిజాల తూముకు 1998లో గండి పెట్టారు. ప్రైవేటు కంపెనీలను, విదేశీ పెట్టుబడిని రానిస్తూ కేంద్రం కొత్త విధానం తెచ్చింది. 2007 నుంచి ఇల్మనైటు, రూటైలు, జిర్కాన్ లాంటి వాటిని అణుశక్తి శాఖ నియంత్రించే పదార్థాల జాబితా నుంచి తీసేశారు. మోనజైటు మాత్రం ప్రభుత్వం చేతిలోనే వుంచామన్నారు. కానీ ఒకే గంపలో కలిసి వున్న గింజల్లో ఈ గింజ నీది, ఆ గింజ నాది అంటే కాపలా ఎట్లా సాధ్యం? తమిళనాడు ఒడ్డున అక్రమ తవ్వకాల గొడవలు కోర్టులకెక్కాయి.

ఆంధ్ర ఒడ్డు పేరు షికాగో కోర్టులో కూడా వినబడింది. 2014 ఏప్రిల్‌లో అక్కడ బయటపెట్టిన అభియోగపత్రంలో ఏముందంటే: ఉక్రెయిన్ పెట్టుబడిదారు దిమిత్రో ఫిర్తాష్, మరికొందరు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో టైటానియం ఖనిజపు లైసెన్సుల కోసం కోటి 85 లక్షల డాలర్ల లంచాలకు పథకం వేశారని. ఆ ఆరోపణను ఫిర్తాష్ కాదన్నాడు. అది రుజువైన నేరం కాదు. కాని ఒక్క సంగతి ఆలోచించండి. మన ఒడ్డు ఇసుక గురించి ఉక్రెయిన్ వాడికి తెలుసు, అమెరికా ప్రాసిక్యూటరుకు తెలుసు. ఆ ఇసుక మీద పడుకునే బెస్తవానికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

2018 ఆగస్టులో కేంద్రం మళ్ళీ తలుపు బిగించింది. ఒడ్డు ఇసుక ఖనిజాలు ఏవైనా సరే, ఎగుమతి ఐ.ఆర్.ఇ.ఎల్. ద్వారానే జరగాలని ఉత్తర్వు వేసింది. వ్యాపారపు భాషలో దీన్ని కెనలైజేషన్ అంటారు. అంటే ఎన్ని పిల్ల కాలువలున్నా నీరంతా ఒకే తూము గుండా పోవాలని. 2019లో, మోనజైటు వున్న ఒడ్డు ఇసుక లీజులు ప్రభుత్వ సంస్థలకే అన్న నియమం తెచ్చారు. ఇది మంచి పని. ఏ ప్రభుత్వం చేసినా మంచి పనే.

జపాన్ ఒప్పందం, చైనా తాళం

ఇప్పుడు మొదట చెప్పిన జపాన్ సంగతికి వద్దాం. 2010 సెప్టెంబరులో సముద్రంలో ఒక పడవ తగాదా వచ్చి చైనా జపాన్‌కు రేర్ ఎర్త్ సరుకు పంపడం ఆపింది. ప్రపంచంలో శుద్ధి చేసిన రేర్ ఎర్త్‌లలో సుమారు 90 శాతం చైనావే. జపాన్ కార్ల కంపెనీలకు గుండె జారింది. వేరే దారి వెతుక్కుంటూ ఇండియాకు వచ్చారు. 2012లో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందమైంది. ఒడిశాలో గంజాం జిల్లా ఛత్రపూర్ దగ్గర ఐ.ఆర్.ఇ.ఎల్. ఇసుక తవ్వుతుంది. అది కూడా తెలుగు మాట వినబడే సీమే. అక్కడ తీసిన రేర్ ఎర్త్ క్లోరైడు అచ్యుతాపురానికి వస్తుంది. టొయోటా వారి టొయోట్సు రేర్ ఎర్త్స్ కంపెనీ దాన్ని ఇంకా శుద్ధి చేసి జపాన్‌కు పంపుతుంది. అక్కడ అయస్కాంతాలు తయారవుతాయి.

ఈ కంపెనీ 2024లో వెయ్యి టన్నులకు పైగా సరుకు జపాన్‌కు పంపిందనీ, ఐ.ఆర్.ఇ.ఎల్. తీసిన 2,900 టన్నుల్లో అది మూడో వంతనీ రాయిటర్స్ లెక్క. 2025 ఏప్రిల్‌లో చైనా మళ్ళీ ఏడు రకాల రేర్ ఎర్త్‌ల మీద, అయస్కాంతాల మీద ఎగుమతి అనుమతుల నియమం పెట్టింది. అప్పుడు మన దేశపు బండ్ల కంపెనీలే అయస్కాంతాలు లేక అల్లాడాయి. మన ఒడ్డు ఇసుక జపాన్‌కు పోతోంది, మన బండికి చైనా అయస్కాంతం కావాలి! వడ్లు మిల్లుకు తోలి, గింజ బియ్యం కోసం పొరుగూరి కొట్టు ముందు నిలబడ్డట్టుంది.

చైనాను చూసి నేర్చుకోవాల్సింది కూడా ఒకటుంది. 2012లో అమెరికా, యూరపు, జపాన్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో చైనా మీద ఫిర్యాదు చేశాయి. ఎగుమతి కోటాలు చెల్లవని 2014లో తీర్పు వచ్చింది. 2015 మొదట్లో చైనా కోటాలు ఎత్తేసింది. అయినా దాని పెత్తనం తగ్గలేదు. ఎందుకంటే ఇసుకతో ఆగకుండా శుద్ధి, లోహం, అయస్కాంతం, మోటారు దాకా పనంతా తన గడ్డ మీదే పెట్టుకుంది. ఉత్త తాళం కోర్టులో ఓడిపోవచ్చు. చేతిలో వున్న పనితనాన్ని ఏ కోర్టూ లాక్కోలేదు.

మనకా పనితనం లేదా? వుంది. ఎల్.బి.నగర్‌కు కూతవేటు దూరంలో, కంచన్‌బాగ్‌లో లోహాల ప్రయోగశాలలున్నాయి. 1971 నుంచి జిర్కాన్ ఇసుకతో అణు ఇంధనపు గొట్టాలు చేసే కర్మాగారం మన హైదరాబాద్‌లోనే వుంది. 2023 మే నెలలో విశాఖలో ఐ.ఆర్.ఇ.ఎల్. అయస్కాంతాల ప్లాంటును ప్రారంభించారు. కానీ దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. ఒక లారీలో పట్టే సరుకు. 2025 నవంబరులో కేంద్రం అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. ఏడాదికి 6,000 టన్నులు లక్ష్యమట. అయితే ఆ డబ్బు పోయేది ఎవరికి? టెండరులో నెగ్గిన కంపెనీలకు. డెబ్బై ఏళ్ళుగా ఇసుకను కాచిన ప్రభుత్వ సంస్థ ముడి సరుకు అందించేదిగా మిగులుతుంది. లాభం వచ్చే చివరి మెట్టు మీద ప్రైవేటు కూర్చుంటుంది. ఇది కంచె వేసి చేనును పరాయివాడికి కౌలుకిచ్చినట్టే.

రెండు వాదనలు

కొందరు పెద్దమనుషులు అంటారు: "ప్రభుత్వ అదుపు వల్లే ఈ రంగం వెనకబడింది, తలుపులు బార్లా తెరవండి, ఉద్యోగాలొస్తాయి." 1998 నుంచి ఇరవై ఏళ్ళు తెరిచారు గదా, ఒక్క అయస్కాంతపు ఫ్యాక్టరీ అయినా పెట్టారా? ఇసుక జల్లించి ఓడలకెక్కించారు, అంతే.

ఇంకొందరంటారు: "జపాన్, అమెరికా నొచ్చుకుంటాయి." 2025 జూలైలో అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో కలిసి క్వాడ్ పేరిట కీలక ఖనిజాల కార్యక్రమం మొదలుపెట్టారు కూడా. ఇతర దేశాలతో స్నేహం వద్దని ఎవరూ అనరు. జపాన్ కార్మికుడితో మనకు తగాదా లేదు. కాని 1951లో పావు కిలో రేషను మీద బతుకుతూ కూడా ఈ దేశం ముడి మోనజైటు ఇవ్వలేదు. ఇవ్వాళ అంత బలహీనంగా వున్నామా? అమ్మదలిస్తే తయారైన సరుకు అమ్మాలి. ఒప్పందంలో ఏముందో పార్లమెంటు ముందు పెట్టి అమ్మాలి.

ఒడ్డున వున్న వాళ్ళ మాట

ఈ చర్చల్లో ఎక్కడా కనబడని మనిషి ఒకడున్నాడు. భీమిలి నుంచి భావనపాడు దాకా ఒడ్డు మీది మనిషి. ఇసుక దిబ్బ అతనికి ఖనిజం కాదు, తుపానుకు అడ్డుగోడ. మంచినీటి చెలమ ఆ దిబ్బ కిందే వుంటుంది. చేపలు ఎండేది దాని మీదే. దిబ్బ తవ్వి, జల్లించి, మిగిలిన ఇసుక తిరిగి పోసేశామంటే చాలదు. పెరిగిన సరుగుడు రాదు, చెలమలో ఉప్పు నీరు చేరితే పోదు. పట్టా లేని వాడికి పరిహారం రాదు. మన కూలి జనంలో పట్టా వున్న వాళ్ళు ఎందరు? అచ్యుతాపురంలో సెజ్ కోసం ఊళ్ళు ఖాళీ అయినప్పుడు భూమి లేని కూలి కుటుంబాలకు పని పోయింది. ఆ నష్టం ఏ కాగితం మీదా ఎక్కలేదు.

చట్టంలో వున్న కాస్త హక్కు కూడా మనకు తెలియనివ్వరు. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. గని లీజుదారు కట్టే రాయల్టీ మీద పదో వంతు గాని, పాత లీజులైతే 30 శాతం గాని ఆ నిధికి అదనంగా కట్టాలి. అది గని వల్ల దెబ్బతిన్న జనం కోసం ఖర్చు పెట్టాల్సిన డబ్బు. ఎంత వచ్చింది, ఏ ఊరికి ఎంత పెట్టారు అని గ్రామసభలో లేచి అడిగే హక్కు మనకుంది.

మనం అడగవలసింది

ఒకటి, ఒడ్డు ఇసుక తవ్వకం, ఎగుమతి ప్రభుత్వ సంస్థల చేతిలోనే వుండాలి. 2025 డిసెంబరులో అణు విద్యుత్తు రంగంలోకి ప్రైవేటును రానిస్తూ చట్టం చేశారు. ఆ వరసలో ఇసుక తూముకు మళ్ళీ గండి పడకుండా కాపు కాయాలి.

రెండు, ముడి సరుకు, సగం శుద్ధి చేసిన సరుకు బయటికి పోవడం ఆగాలి. అయస్కాంతం, మోటారు దాకా తయారీ ఇక్కడే జరగాలి. అదీ ప్రభుత్వ రంగంలో జరగాలి. ఆ పనుల్లో ఒడ్డు ఊళ్ళ పిల్లలకు చదువు చెప్పించి కొలువులివ్వాలి. వాచ్‌మన్ కొలువు, గడ్డి పీకే కాంట్రాక్టు కూలి కాదు, యంత్రం మీద పని.

మూడు, విదేశాలతో చేసే ఖనిజ ఒప్పందాలు తెలుగులో అచ్చువేసి ఆ ఒడ్డు గ్రామ పంచాయతీల్లో అంటించాలి. గ్రామసభ ఒప్పుకోని చోట తవ్వరాదు. పట్టా లేని కూలీనీ, బెస్తవాన్నీ నష్టపోయిన వాడిగా లెక్క రాయాలి.

నాలుగు, కిరణాలు చిమ్మే ఇసుకలో పనిచేసే వాళ్ళకు, కాంట్రాక్టు వాళ్ళకు కూడా, ఏటేటా వైద్య పరీక్ష జరిపి ఆ కాగితం వాళ్ళ చేతికే ఇవ్వాలి.

ఇవి ఢిల్లీలో పుట్టే కోరికలు కావు. శ్రీకాకుళం వలస కూలీ సంక్రాంతికి ఊరికి పోయేటప్పుడు ఈ సంగతులు వెంట తీసుకుపోవాలి. చైతన్యపురి అడ్డా మీద చెప్పుకున్న మాట గార మండలం రచ్చబండ మీద, భీమిలి రేవులో చర్చకు రావాలి. పొలానికి నీరు రాకపోతే తూము దగ్గరికి పార పట్టుకుని పోవడం రైతుకూలీకి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈ తూము దగ్గరికీ అలాగే కదలాలి.